సీఆర్‌పీ నార్మల్ వచ్చింది... మరి పేగు సంగతేంటి?

తుళ్లూరులో మా ఇంటి మేడ మీద గదిలోంచి మాట్లాడుతున్నా. మధ్యమధ్యలో ట్రాక్టరు శబ్దం వినిపిస్తే సర్దుకోండి. మిరపకాయలు తోలే రోజులు, వీడియో తీసుకుంటున్నా ఆపమంటే మా నాన్నే ఊరుకోడు.

ఈ రోజు నా చేతిలో రెండు కాగితాలున్నాయి. రెండూ నావే. మొదటిది రక్తపరీక్ష రిపోర్టు. అందులో సీఆర్‌పీ అనే దాని ఎదురుగా 3.1 అని ఉంది, పక్కన 5 లోపు ఉంటే నార్మల్ అని అచ్చేసి ఉంది. రెండోది ఏడు వారాల తర్వాత వచ్చిన మలపరీక్ష రిపోర్టు. అందులో కాల్‌ప్రొటెక్టిన్ అనే దాని ఎదురుగా 1,180 అని ఉంది. అది మామూలుగా 50 లోపు ఉండాలి.

ఈ రెండు కాగితాల మధ్యలో నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, మొదటి కాగితం చూసి మందులు ఆపేశా. ఎవరూ ఆపమనలేదు. నా అంతట నేనే ఆపా. బీటెక్ చదివాం, గ్రాఫులు చూడటం వచ్చు, నంబరు పచ్చగా ఉంటే సిస్టమ్ బాగున్నట్టే కదా అని.

అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం ఆ నంబర్ల మీదే. పేగుల్లో వాపు ఉన్నవాళ్లకు రక్తంలో కనిపించే గుర్తులు ఏంటి, అవి ఎక్కడ నిజం చెప్తాయి, ఎక్కడ నోరు మూసుకుంటాయి. నేను డాక్టర్ని కాదు, ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వచ్చినవాణ్ని. కాకపోతే ఈ జబ్బుతో ఐదేళ్లుగా కాపురం చేస్తున్నా, దీని గురించి చదవడం, మా డాక్టరు గారిని విసిగించడం అలవాటైపోయింది.

ముందు జబ్బు పేరు చెప్పుకుందాం. ఐబీడీ అంటారు. ఐబీఎస్ కాదు, చివరి అక్షరం చూసుకోండి. ఐబీఎస్‌లో కడుపునొప్పి, మోషన్ల ఇబ్బంది ఉంటాయి గానీ పేగులో పుండ్లు పడవు. ఐబీడీలో నిజంగానే పేగు గోడ వాచి, పుండ్లు పడి, రక్తం కారుతుంది. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పేగు మీద పడిపోతుంది. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. అల్సరేటివ్ కోలైటిస్ అంటే పెద్దపేగుకే పరిమితం, అది కూడా లోపలి పొరలో. క్రోన్స్ అంటే నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ మందం మొత్తం పాకుతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, రక్తపరీక్ష దగ్గర ఇదే పనికొస్తుంది.

నాది కోలైటిస్. ఇరవై మూడేళ్లప్పుడు బెంగళూరులో ఉద్యోగంలో ఉండగా మోషన్‌లో రక్తం మొదలైంది. ఫోన్ చేస్తే మా అమ్మ, "వేడి చేసిందిరా, ఆ హోటలు తిండి మానేసి మజ్జిగ తాగు" అంది. ఊరికొస్తే ఇంకొకాయన మొలలన్నాడు, పొడి ఇచ్చాడు. ఐదు నెలలు మొలల మందు వాడా. మన వైపు రక్తం పడిందంటే మొలలు, కడుపులో మంటంటే కారం. గుంటూరు జిల్లాలో పుట్టిన పాపానికి ప్రతి జబ్బునీ మిరపకాయ మీద తోసేస్తాం. కారం తింటే ఐబీడీ వస్తుందని రుజువేమీ లేదండి. జబ్బు తిరగబడినప్పుడు కారం తింటే మంట ఎక్కువవుతుంది, అది వేరే సంగతి.

ఇంకో మాట వినిపిస్తుంది, ఇది అమెరికా వాళ్ల జబ్బు, సిటీ వాళ్ల జబ్బు అని. హైదరాబాద్ ఏఐజీ హాస్పిటల్ డాక్టర్లు ఈ విషయమే పట్టుకుని చూశారు. పేగు సమస్యలతో వచ్చిన 30 వేల మందికి పైగా జనాన్ని, పట్నం వాళ్లనీ పల్లె వాళ్లనీ కలిపి, కొలనోస్కోపీ చేసి లెక్క తీశారు. 2023లో లాన్సెట్ వాళ్ల ఆగ్నేయాసియా పత్రికలో వచ్చింది. నూటికి ఐదుగురి దాకా ఐబీడీ తేలింది, పల్లెకీ పట్నానికీ పెద్ద తేడా లేదు. ఇది ఊళ్లో ఉన్న జనం మొత్తంలో ఐదు శాతం కాదు, పేగు ఇబ్బందితో పరీక్షకు వచ్చినవాళ్లలో. అయినా చిన్న సంఖ్య కాదు. అంటే మన ఊళ్లో మొలల పొడి వాడుతున్న వాళ్లలో నాలాంటి వాళ్లు ఇంకా ఉండే ఉంటారు.

సరే, సీఆర్‌పీ దగ్గరికి వద్దాం.

పూర్తి పేరు సీ-రియాక్టివ్ ప్రోటీన్. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనిపెట్టారు. న్యుమోనియా క్రిమి ఒంటి మీద ఉండే 'సీ' అనే చక్కెర పదార్థంతో ఇది అతుక్కుంటోందని ఆ పేరు పెట్టారు. తీరా చూస్తే న్యుమోనియా ఒక్కదానికే కాదు, ఒంట్లో ఎక్కడ వాపు వచ్చినా ఇది పెరుగుతుంది.

దీన్ని తయారుచేసేది పేగు కాదు, కాలేయం. పేగులో మంట మొదలైతే అక్కడి కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి కబుర్లు రక్తంలోకి వదుల్తాయి. ఆ కబురు కాలేయానికి అందితే అది సీఆర్‌పీని గుమ్మరిస్తుంది. కొన్ని గంటల్లోనే పెరగడం మొదలై, రెండు రోజుల్లో శిఖరానికి చేరుతుంది. మంట ఆగిపోతే అంతే వేగంగా పడిపోతుంది, సుమారు 19 గంటలకోసారి సగం అవుతుంది. అందుకే డాక్టర్లకు ఇదంటే ఇష్టం. నిన్నటి మందు ఇవాళ పనిచేస్తోందో లేదో రెండు మూడు రోజుల్లో చూపిస్తుంది.

మన పొలాల లెక్కలో చెప్తా. పత్తి తీసేశాక కట్టె పీకి తగలబెడతారు కదా, మేడెక్కి చూస్తే దూరంగా పొగ కనిపిస్తుంది. ఎక్కడో నిప్పుందని తెలుస్తుంది. ఎవరి చేలో, పత్తికట్టేనా లేక ఎవరి గడ్డివామైనా అంటుకుందా అనేది పొగ చెప్పదు. సీఆర్‌పీ ఆ పొగ. పన్ను చీము పట్టినా, వైరల్ జ్వరం వచ్చినా, కాలికి దెబ్బ తగిలి వాచినా పెరుగుతుంది. ఒళ్లు బాగా ఉన్నవాళ్లలో ఏ జబ్బూ లేకుండానే కాస్త ఎక్కువ ఉంటుంది. కాబట్టి పెరిగితే పేగే అనుకోవడం ఒక తప్పు.

రెండో తప్పు నేను చేసింది. పొగ లేదు కాబట్టి నిప్పు లేదు అనుకోవడం. నివురు గప్పిన నిప్పు అనే మాట ఊరికే పుట్టలేదు.

ఇందాక కోలైటిస్ లోపలి పొరలోనే ఉంటుందన్నా కదా. క్రోన్స్‌లో మంట గోడంతా దాటి పేగు చుట్టూ ఉన్న కొవ్వు దాకా వెళ్తుంది, కబుర్లు ఎక్కువ పుడతాయి, కాలేయం గట్టిగా స్పందిస్తుంది. కోలైటిస్‌లో మంట పైపైన ఉంటుంది, ముఖ్యంగా చివరి భాగంలోనే ఉంటే కాలేయానికి కబురే సరిగా అందదు. అందుకే క్రోన్స్ వాళ్లలో సీఆర్‌పీ బాగా లేస్తుంది, కోలైటిస్ వాళ్లలో చాలామందికి కొంచెమే లేస్తుంది, కొందరికి అసలు లేవదు. దీనికి తోడు పుట్టుకతో వచ్చిన జన్యువుల్ని బట్టి కూడా మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. క్రోన్స్ ఉండి కూడా సీఆర్‌పీ పెరగని వాళ్లున్నారు.

నా కథ ఇక్కడే. మూడో ఏడు, అన్నీ బాగున్నాయి. రోజుకు రెండు మోషన్లు, రక్తం లేదు. నిజం చెప్పాలంటే పూర్తిగా బాగేమీ లేదు. పొద్దున్నే ఉన్నట్టుండి తొందర, అప్పుడప్పుడు కాస్త జిగట. కానీ 3.1 అని చూశాక ఆ జిగటని లెక్కలోంచి తీసేశా. మెసలమిన్ బిళ్లలు పెద్దవి, రోజూ మింగాలంటే విసుగు, ఖర్చు కూడా. ఆపేశా. నాలుగు వారాలు ఏమీ కాలేదు. ఐదో వారం రక్తం పడింది. ఏడో వారానికి రోజుకు ఏడెనిమిది సార్లు, రాత్రి కూడా లేవడం. అమ్మ అడిగితే "ఏం లేదులే" అన్నా. బాత్రూము పక్కనే మంచం వేసుకుంటే ఏం లేదంటే ఎవరు నమ్ముతారు?

గుంటూరు కొత్తపేటలో మా డాక్టరు గారి దగ్గరికి వెళ్తే ఆయన మళ్లీ సీఆర్‌పీ చేయించారు. 6.4. అంత రక్తం పోతున్నా 6.4! మరి ఇది కూడా పెద్దగా లేదు కదండీ అన్నా. ఆయన నా పాత ఫైలు తెరిచి మొదటి కొలనోస్కోపీ రోజున చేసిన రక్తపరీక్ష చూపించారు. పెద్దపేగు ఎడమవైపు మొత్తం ఎర్రగా పుండ్లతో ఉన్న ఆ రోజున నా సీఆర్‌పీ 4.8.

"బాబూ, మీ ఒంట్లో ఈ నంబరు మాట్లాడదు. మాట్లాడనివాణ్ని పిలిచి సాక్ష్యం అడిగారు మీరు" అన్నారు.

ఈ ఒక్క విషయం కోసమే ఈ ఎపిసోడ్ చేస్తున్నా. మీకుగానీ మీ ఇంట్లోవాళ్లకుగానీ ఐబీడీ ఉంటే, జబ్బు బయటపడిన రోజు, అంటే పేగు నిజంగా మండుతోందని కెమెరాతో చూసిన రోజు, సీఆర్‌పీ ఎంతుందో పాత ఫైల్లో వెతకండి. ఆ రోజు 40, 60 ఉంటే ఈ నంబరు మీ ఒంట్లో మాట్లాడుతుందన్నమాట, తర్వాత కూడా దాన్ని నమ్ముకుని లెక్క చూసుకోవచ్చు. ఆ రోజే నార్మల్‌గా ఉంటే, ఇప్పుడు నార్మల్ వచ్చిందని సంబరపడటానికి ఏమీ లేదు. ఆ పాత కాగితం పారేసి ఉంటే డాక్టరుగారి దగ్గరో ల్యాబులోనో అడగండి.

నా బీటెక్ ఫ్రెండు ఒకడున్నాడు, తెనాలి వాడు, వాడిది క్రోన్స్. బయటపడినప్పుడు సీఆర్‌పీ 68. మందు మొదలయ్యాక 30, 11, 4. వాడికి జబ్బు తిరగబడే ముందు ఒంట్లో ఏమీ తెలియకముందే ఆ నంబరు లేస్తుంది. ఒకే పరీక్ష, వాడికి కాపలాదారు, నాకు గోడ మీద బొమ్మ.

వాడితోనే ఇంకో తమాషా జరిగింది. ఒకసారి ఫోన్ చేసి, "ఒరేయ్, పోయిన నెల 22, ఈ నెల 2.4! పండగ చేసుకుందాం" అన్నాడు. ఫొటో పంపమన్నా. ల్యాబు మారాడు. పాత ల్యాబు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తుంది, కొత్తది డెసిలీటరుకు ఇస్తుంది. లీటరంటే పది డెసిలీటర్లు. అంటే 2.4 అంటే పాత లెక్కలో 24. తగ్గలేదు సరికదా, రెండు పెరిగింది. నంబరు పక్కనున్న యూనిట్ చూడకపోవడం వల్ల అంగారకుడి దగ్గర నాసా వ్యోమనౌకే 1999లో పోయింది, వాడు పోగొట్టుకుంది ఒక బిర్యానీ పార్టీ. రిపోర్టులో యూనిట్ చూడండి, వీలైనంత వరకూ ఒకే ల్యాబులో చేయించుకోండి. హెచ్‌ఎస్-సీఆర్‌పీ అని ఇంకోటి ఉంటుంది, అది గుండె రిస్కు కోసం సన్నసన్న తేడాలు కొలిచేది. పేగుకు మామూలు సీఆర్‌పీ చాలు.

ఇప్పుడు ఈఎస్‌ఆర్. ఇది మన తాతల కాలం నాటి పరీక్ష, ఇప్పటికీ ప్రతి చిన్న ల్యాబులో చేస్తారు. రక్తాన్ని సన్నటి గొట్టంలో నిలబెట్టి గంట తర్వాత ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూడటమే. పోలండ్‌లో బియెర్నాట్స్కి 1897లో, స్వీడన్‌లో ఫోరియస్ 1918లో, వెస్టర్‌గ్రెన్ 1921లో దీన్ని ఒక దారికి తెచ్చారు.

ఎందుకు దిగుతాయి? మా నాయనమ్మ చెప్పేది, వెనకటికి కృష్ణ నుంచి వరద నీళ్లు బిందెతో తెచ్చుకుంటే ఎర్రగా బురదగా ఉండేవట. బిందె లోపల చిల్లగింజ అరగదీస్తే మట్టి గడ్డలు కట్టి అడుక్కి దిగేదట. ఒంట్లో వాపున్నప్పుడు ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది, అది చిల్లగింజ పని చేస్తుంది. ఎర్రకణాలు ఒకదాని మీద ఒకటి నాణేల దొంతరలా అతుక్కుని బరువెక్కి తొందరగా దిగిపోతాయి.

చిక్కేంటంటే రక్తం తక్కువగా ఉన్నా ఈఎస్‌ఆర్ పెరుగుతుంది. వయసు పెరిగినా, గర్భంతో ఉన్నా పెరుగుతుంది. ఐబీడీ వాళ్లలో రక్తహీనత మామూలే, అంచేత పెరిగింది వాపు వల్లా రక్తం లేకా అని తేల్చుకోవడం కష్టం. పైగా ఇది మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది, పేగు కుదుటపడ్డాక కూడా వారాల తరబడి ఎక్కువే చూపించొచ్చు. మా అమ్మ ఈఎస్‌ఆర్ 34 చూసి ఒక పూట అన్నం మానేసింది, అప్పటికి నాకు రక్తం పడటం ఆగి పది రోజులు. నేను చెప్పేదాకా ఆవిడకు తెలియదు.

మామూలు సీబీపీలో కూడా కొన్ని గుర్తులు దాక్కుని ఉంటాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. ప్లేట్‌లెట్లు చూడండి. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లు తగ్గితే ప్రమాదమని మనందరికీ తెలుసు. ఐబీడీలో ఎక్కువ కావడం గుర్తు. నాలుగున్నర లక్షలు దాటితే వాపు వల్లో, ఇనుము తక్కువై వల్లో అయి ఉండొచ్చు. నాకు ఆ ఏడో వారంలో 5 లక్షల 20 వేలు. సీఆర్‌పీ నోరు విప్పకపోయినా ప్లేట్‌లెట్లు అరిచాయి, చదవడం రాలేదు అంతే. ప్లేట్‌లెట్లు బాగున్నాయి, బొప్పాయి ఆకు అక్కర్లేదు అనుకున్నా, మన చదువు అలా ఉంది.

అల్బుమిన్ ఇంకోటి. కాలేయమే తయారుచేస్తుంది, కానీ ఇది తలకిందుల గుర్తు, వాపుంటే పడిపోతుంది. మామూలుగా 3.5 నుంచి 5 దాకా ఉంటుంది. వాచిన పేగులోంచి ప్రోటీన్ కారిపోవడం కూడా ఒక కారణం. మెల్లగా మారుతుంది కాబట్టి కొన్ని వారాల కథ చెప్తుంది.

ఫెరిటిన్ దగ్గర మాత్రం చాలామంది మోసపోతారు. ఇది ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే పరీక్ష. కానీ వాపుంటే ఇనుము లేకపోయినా ఫెరిటిన్ పెరిగి కూర్చుంటుంది. అందుకే వాపు లేనివాళ్లకు 30 లోపుంటే ఇనుము తక్కువ అంటారు, ఐబీడీ తిరగబడి ఉన్నవాళ్లకు 100 దాకా ఉన్నా ఇనుము తక్కువ ఉండొచ్చని యూరప్ ఐబీడీ డాక్టర్ల మార్గదర్శకాలు చెప్తాయి. ఫెరిటిన్ 70 ఉంది, ఇనుము బాగుంది, అయినా నీరసమెందుకో అంటుంటారే, వాళ్లు ఈ సంగతి డాక్టర్ని అడగాలి.

మరి నాలాంటి సీఆర్‌పీ మాట్లాడనివాళ్లు ఏం చేయాలి? అక్కడ రక్తం వదిలేసి మలం దగ్గరికి వెళ్లాలి. కాల్‌ప్రొటెక్టిన్ అనేది న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల్లో ఉండే ప్రోటీన్. పేగు వాస్తే ఆ కణాలు పేగులోకి దిగుతాయి, చచ్చిపోతాయి, ప్రోటీన్ మలంలో కలుస్తుంది. దూరాన పొగ చూడటం కాదిది, నేరుగా ఆ చేలో బూడిద ఏరడం. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే సాధారణంగా వాపు లేనట్టు, 250 దాటితే ఉన్నట్టే అనుకుంటారు, మధ్యలోది మళ్లీ చూడాల్సిన సంఖ్య. దీనికీ లోపాలున్నాయి. అమీబా, బాక్టీరియా విరేచనాలకు కూడా పెరుగుతుంది. మోకాళ్ల నొప్పులకు వేసుకునే డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ బిళ్లలు కూడా పెంచుతాయి. ఖరీదు కూడా సీఆర్‌పీ కంటే చాలా ఎక్కువ, ఊళ్లో శాంపిల్ ఇస్తే పట్నం పంపించి చేయిస్తారు.

ఇవన్నీ ఇంత తిరకాసైతే అసలెందుకు చేయించాలి అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. దానికి జవాబు కామ్ అనే ట్రయల్‌లో ఉంది. 2017లో లాన్సెట్‌లో వచ్చింది. 244 మంది క్రోన్స్ రోగుల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ప్రధానంగా బాధల్ని బట్టి మందు పెంచారు. రెండో గుంపుకు బాధలతో పాటు సీఆర్‌పీ 5 దాటిందా, కాల్‌ప్రొటెక్టిన్ 250 దాటిందా అని కూడా చూసి పెంచారు. 48 వారాల తర్వాత లోపల కెమెరాతో చూస్తే మొదటి గుంపులో 30 శాతం మందికి, రెండో గుంపులో 46 శాతం మందికి పేగు మానింది. మందు అదే, అడాలిముమాబ్. తేడా నంబర్లు చూడటంలోనే వచ్చింది. మనిషి బాగున్నాను అనుకుంటుండగానే పేగు పాడవుతూ ఉండొచ్చు, ఈ నంబర్లు ముందే తలుపు కొడతాయి.

ఒక సందర్భంలో రక్తపరీక్ష ఇంకా పెద్ద మాట చెప్తుంది. కోలైటిస్ ఉన్నవాళ్లు ఇది మాత్రం శ్రద్ధగా వినండి. 1955లో ఆక్స్‌ఫర్డ్‌లో ట్రూలవ్, విట్స్ అనే డాక్టర్లు ఒక కొలత పెట్టారు, ఇప్పటికీ దానికి కొద్ది మార్పులతో వాడుతున్నారు. రోజుకు ఆరు అంతకుమించి రక్తవిరేచనాలు, దాంతోపాటు ఇవి వేటిలో ఒక్కటున్నా: నాడి 90 దాటడం, జ్వరం 37.8 సెల్సియస్ అంటే మన లెక్కలో 100 ఫారెన్‌హీట్ దాటడం, హిమోగ్లోబిన్ 10.5 కంటే తగ్గడం, ఈఎస్‌ఆర్ 30 దాటడం. ఇప్పుడు ఈఎస్‌ఆర్ బదులు సీఆర్‌పీ 30 అని కూడా చూస్తారు. అలా ఉంటే ఇంట్లో మజ్జిగ తాగుతూ కూర్చునే జబ్బు కాదు, అదే రోజు ఆస్పత్రిలో చేరాల్సిన జబ్బు. అక్కడ స్టెరాయిడ్ సూది మందులిస్తారు. మూడో రోజున మళ్లీ లెక్క. మోషన్లు ఇంకా 8 దాటుతున్నా, లేదా 3 నుంచి 8 మధ్యలో ఉండి సీఆర్‌పీ 45 దాటి ఉన్నా, ఆ మందుతో ఆగే సూచన తక్కువ. 1996లో ఆక్స్‌ఫర్డ్ డాక్టర్లు ఈ లెక్క రాసినప్పుడు అలాంటి వాళ్లలో 85 శాతం మందికి అదే అడ్మిషన్‌లో పెద్దపేగు తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఇన్‌ఫ్లిక్సిమాబ్, సైక్లోస్పోరిన్ లాంటి రెండో వరస మందులున్నాయి, పేగు దక్కేవాళ్లు పెరిగారు. కానీ అవి సమయానికి మొదలుపెట్టాలి, ఆ సమయం చెప్పేవాటిలో ఈ మూడో రోజు సీఆర్‌పీ ఒకటి.

నేను ఆ ఏడో వారంలో రోజుకు ఎనిమిది సార్లు వెళ్తూ, నాడి 88, హిమోగ్లోబిన్ 10.9. గీతకు ఇవతల, గోరంత దూరంలో. ఇది తెలిశాక రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు.

మన దేశంలో ఇంకో పేచీ ఉంది, టీబీ. పేగుకు టీబీ వస్తే అచ్చం క్రోన్స్‌లాగే ఉంటుంది, అదే నొప్పి, అదే బరువు తగ్గడం, కెమెరాలో కూడా అలాంటి పుండ్లే. సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ రెండింట్లోనూ లేస్తాయి, ఏది ఏదో చెప్పలేవు. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే టీబీ ఒళ్లంతా పాకే ప్రమాదం. క్రోన్స్‌ని టీబీ అనుకుని నెలల తరబడి ఆ మందులు వాడితే ఈలోపు పేగు ఇరుకైపోతుంది. మా తెనాలి వాడికి ముందు టీబీ మందులే ఇచ్చారు. రెండు నెలలకు సీఆర్‌పీ దిగలేదు, కొలనోస్కోపీ మళ్లీ చేస్తే పుండ్లు అలాగే ఉన్నాయి, అప్పుడు దారి మార్చారు. పెరిగిన నంబరు ఏ జబ్బో చెప్పలేకపోయినా, దిగకపోవడం ఒక సంగతి చెప్పింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటివి మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష అడుగుతారు. ఎందుకీ ఖర్చు అనుకోకండి, దాక్కున్న టీబీ ఈ మందులతో లేచి కూర్చుంటుంది.

వాడు ఇప్పుడు వాడుతున్న మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. ఇది చెప్పకుండా ముందుకెళ్లలేను. దీన్ని అమెరికాలో లెడర్లే కంపెనీలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆయన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, దాన్ని అడ్డుకునే మందుల్నీ చేసింది. కేన్సర్ కోసం చేసిన ఆ మందు క్రోన్స్‌కీ పనిచేస్తుందని 1995లో కెనడా డాక్టర్లు ట్రయల్ చేసి చూపించారు. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు ఫోలిక్ యాసిడ్ బిళ్ల కూడా ఇస్తారు, రెండూ సుబ్బారావు గారి ఇంటి నుంచి వచ్చినవే. ఒక్క హెచ్చరిక. ఈ మందు వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. చీటీ మీద ఏ వారం రోజో రాయించుకోండి.

నా విషయానికొస్తే, మెసలమిన్ మళ్లీ మొదలుపెట్టారు, పైనుంచి బిళ్ల, కిందనుంచి ఎనిమా, కొన్ని వారాలు స్టెరాయిడ్. మూడు నెలలకు కాల్‌ప్రొటెక్టిన్ 1,180 నుంచి 140కి వచ్చింది. సీఆర్‌పీ అప్పుడు ఎంతో తెలుసా? 2.9. బాగా లేనప్పటి 3.1కీ దీనికీ తేడా ఏముంది చెప్పండి. ఇప్పుడు నేను ఒక ఎక్సెల్ షీటు పెట్టుకున్నా. తేదీ, మోషన్లు, రక్తం ఉందా లేదా, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, అల్బుమిన్, కాల్‌ప్రొటెక్టిన్, ల్యాబు పేరు, యూనిట్. సీఆర్‌పీకి కూడా గడి ఉంది, డాక్టరుగారు వేరే ఇన్‌ఫెక్షన్లు పట్టుకోవడానికి పనికొస్తుంది ఉంచమన్నారు. షీటులో ఎర్రరంగు, పచ్చరంగు పెట్టడం మానేశా. రంగు చూస్తే నాకు బుర్ర పనిచేయదని తేలిపోయింది.

తర్వాతి కాల్‌ప్రొటెక్టిన్ వచ్చే మంగళవారం. పొద్దున మొదటి మోషన్‌లోంచి తీసివ్వమన్నారు. ల్యాబు అబ్బాయి వచ్చేసరికి పదకొండవుతుందట, అప్పటిదాకా చల్లగా ఉండాలంటే ఫ్రిజ్‌లో పెడతానన్నా. గోంగూర పచ్చడి పక్కన అది పెడితే నిన్నే తీసుకెళ్లి ల్యాబులో పెడతానంది మా అమ్మ. ఐసు ముక్కలతో థర్మాస్ ఒకటి కొనాలి.